బ్లేడు వెనక పళ్ళ సంగతి

(ఇంట్లో సొంతంగా చెక్క పని చేసుకునే కొంతమంది హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున్న కలిసినప్పుడు మాట్లాడింది ఇది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాశాం, సరిగ్గా వినపడని చోట్ల వదిలేశాం.)

వినపడుతోందా అండీ అందరికీ? వెనకున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి, ఆ ఫ్యాన్ ఎవరైనా ఆపండి బాబూ, చెక్క పొట్టు అంతా లేచి టీ గ్లాసుల్లో పడుతోంది. ఆఁ, ఇప్పుడు సరే.

ఇవాళ మాట్లాడేది టేబుల్ సా గురించి, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చి తిరిగే మిషను. ముందు ఈ ముక్క చూడండి. చేతులు మార్చుకుంటూ వెనకదాకా పంపించండి, కానీ పోగొట్టొద్దు, నాకు మళ్ళీ కావాలి, ఇది మా షెడ్డులో గోడకి మేకుకి వేలాడుతూ ఉంటుంది మామూలుగా. 12 ఎంఎం ప్లైవుడ్డు, అటూ ఇటూ అడుగు ఉంటుంది. పైన చూస్తే ఏమీ లేదు, తిప్పి కింద వైపు చూడండి. గీత కనిపించిందా, అంచు దగ్గర తిన్నగా మొదలై మెల్లగా వంపు తిరిగి నెలవంకలాగా అవతలి మూలకి పోయింది, గీత పక్కన చెక్క నల్లగా కాలి ఉంది. ఆ గీత నేను కోసింది కాదు. నేను తిన్నగానే తోస్తున్నాను, మిగతాది మిషనే గీసుకుంది, ఎంతసేపట్లో గీసిందంటే నేను కన్ను ఆర్పేలోపు.

జరిగిందేంటంటే, మా అత్తగారికి చిన్న పూజా మందిరం చేస్తున్నా, దానికి వెనక పలక కావాలి. సాయంత్రం ఆరున్నర అయ్యింది, ఒక్క కోత మిగిలింది, అదీ ఒక అర అంగుళం తగ్గిస్తే చాలు. డాబా మీద రేకుల షెడ్డులో పెట్టుకున్నా మిషను, నా వెనక నీళ్ళ డ్రమ్ము, ఆ నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు ఉంటాయి కదా, ఎండకి పెళుసెక్కిపోయింది ఒకటి. ముక్కని గైడుకి, అంటే బల్ల మీద బ్లేడు పక్కన తిన్నగా బిగించే బద్దకి, ఆనించి తోస్తున్నా, కోత చివరికి వచ్చింది, ఎడం చేత్తో ముక్క ఎడం మూలని కాస్త నొక్కాను, అంతే. టప్పుమని చప్పుడు. చేతిలో చెక్క లేదు, కాళ్ళ కింద నీళ్ళు. నాకు ముందు అర్థమైంది నీళ్ళే, పైపు పగిలిందేమో అనుకున్నా. తర్వాత చూస్తే డ్రమ్ముకి చీలిక, ఈ ముక్క డ్రమ్ము పక్కన పడి ఉంది, నా చొక్కా నడుం దగ్గర చిరిగింది, ఎడం చెయ్యి బ్లేడుకి బెత్తెడు దూరంలో బల్ల మీద ఆగి ఉంది. ఆ చెయ్యి అక్కడిదాకా ఎట్లా వచ్చిందో నాకు తెలీదు, నేను పెట్టింది అక్కడ కాదు. అప్పుడు దిగాయి వణుకులు, ఒక పావుగంట అట్లాగే స్టూలు మీద కూర్చుండిపోయా.

ఇప్పుడు ఎందుకు జరిగిందో చెప్తా, ఎందుకంటే నేను ఇవాళ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుద్ది.

మనందరికీ భయం బ్లేడు ముందు వైపంటే. చెక్క వెళ్ళి తగిలే చోటు, కోత పడే చోటు, అక్కడ వేలు పెడితే పోతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కానీ ఆలోచించండి, బ్లేడు ఎటు తిరుగుతోంది? పైన మన వైపుకి తిరుగుతోంది. అంటే ముందు పళ్ళు పై నుంచి కిందకి దిగుతూ చెక్కని బల్లకేసి అదుముతున్నాయి. కోత పని మొత్తం అవే చేస్తున్నాయి, పైగా చెక్క లేవకుండా మనకి సాయం కూడా చేస్తున్నాయి. మరి వెనక పళ్ళు? అవి బల్ల కింద నుంచి పైకి లేస్తున్నాయి. వాటికి కోసే పనేమీ లేదు, అప్పటికే కోత అయిపోయింది, ఖాళీగా ఆ సందులో తిరుగుతున్నాయి. చెక్క పొరపాటున కాస్త పక్కకి జరిగి వాటికి తగిలిందనుకోండి, కింద నుంచి పైకి ఎత్తుతాయి, ఎత్తిన ముక్క బ్లేడు నెత్తి మీదకి ఎక్కుతుంది, అక్కడ పళ్ళు ఎటు పోతున్నాయి, మన వైపుకి. ఇక చెప్పక్కర్లేదు. ముక్క గిర్రున తిరుగుతూ మన పొట్టకేసి వస్తుంది, ఆ తిరిగేటప్పుడు పడ్డదే ఆ నెలవంక గీత. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ముక్క పొట్టకి తగిలితే కమిలిపోయి మూడు వారాలు నొప్పి, అంతటితో పోతే మంచిదే. అసలు ప్రమాదం ఏంటంటే ముక్క మీద ఆనించిన చెయ్యి, కింద ఆసరా ఒక్కసారిగా మాయమయ్యేసరికి, ముందుకి జారి బ్లేడు మీద పడుతుంది.

వేగం ఎంతో లెక్క చెప్తా, నేను కాగితం మీద వేసుకున్నా. 10 అంగుళాల బ్లేడు, సైట్లకి తీసుకెళ్ళే చిన్న మిషన్లు నిమిషానికి 4800 చుట్లు తిరుగుతాయి అనుకుందాం, సెకనుకి 80 చుట్లు. పన్ను కొస దగ్గర వేగం సెకనుకి 64 మీటర్లు, అంటే గంటకి 230 కిలోమీటర్లు. బ్లేడుకి 40 పళ్ళు అనుకోండి. మనిషికి ఏదో తేడా జరిగిందని తెలిసి చెయ్యి లాక్కోడానికి తక్కువలో తక్కువ సెకనులో ఐదో వంతు పడుతుంది, ఆ ఐదో వంతులో ఒక చోటు దాటిపోయే పళ్ళు 640. కాబట్టి నేను జాగ్రత్తగా ఉంటాను, ఏదైనా అయితే టక్కున తీసేస్తాను అనేవాళ్ళు, దయచేసి ఆ మాట మర్చిపోండి. తీసేది ఉండదు.

మరి వెనక పళ్ళకి చెక్క తగలకుండా ఏం చెయ్యాలి? దానికే ఈ చిన్న రేకు. ఇదిగో, చేప వెన్ను మీద రెక్కలాగా బ్లేడు వెనకే నిలబడి ఉంది, రైవింగ్ నైఫ్ అంటారు. కొత్త మిషను కొన్నప్పుడు డబ్బాలో విడిగా ప్లాస్టిక్ కవర్లో వస్తుంది, మనవాళ్ళు అదేదో అడ్డంగా ఉందని డబ్బాలోనే వదిలేస్తారు, నేను కూడా వదిలేసిన బాపతే, డ్రమ్ము పగిలిన రోజు అది అటక మీద ఉంది. దీని పని ఒక్కటే, కోత పడిన సందులో నిలబడి చెక్క మూసుకోకుండా, వెనక పళ్ళ మీదకి జరక్కుండా చూడటం. ఇదేం కొత్త ఐడియా కూడా కాదండీ. పాతకాలంలో దుంగని నిలబెట్టి పైన ఒకడు కింద ఒకడు ఇద్దరూ రంపం లాగేవాళ్ళు కదా, కోత కాస్త దిగగానే ఆ సందులో చీల కొట్టేవాళ్ళు, లేకపోతే చెక్క బిగుసుకుని రంపాన్ని పట్టేసేది. అక్కడ రంపం ఆగిపోతుంది అంతే, ఇక్కడ మోటారు ఉంది కాబట్టి చెక్క ఎగురుతుంది.

దీని మందం చూసుకోవాలి. బ్లేడు పళ్ళు కోసే సందు కన్నా సన్నగా ఉండాలి, బ్లేడు రేకు కన్నా మందంగా ఉండాలి. ఉదాహరణకి ఈ బ్లేడు 2.8 ఎంఎం సందు కోస్తుంది, బ్లేడు రేకు 1.8, ఈ నైఫ్ 2.3. ఈ అంకెలు బ్లేడు మీద, నైఫ్ మీద చెక్కి ఉంటాయి. సన్న బ్లేడు చవగ్గా వచ్చిందని తెచ్చి పెడితే నైఫ్ సందులో పట్టదు, చెక్క ఆగిపోతుంది, అప్పుడు నైఫ్ పీకేస్తారు, పీకింది మళ్ళీ పెట్టరు, ఇదీ వరస.

ఇంకోటి గైడు. ఫెన్స్ అనండి గైడు అనండి. అది బ్లేడుకి సమాంతరంగా లేకపోతే నైఫ్ ఉన్నా చెక్క కాలుతుంది, తోస్తుంటే బిగుస్తుంది. చూసుకోడం తేలిక, ప్లగ్గు పీకేసి, బ్లేడు పన్ను ఒకదానికి మార్కర్‌తో చుక్క పెట్టండి, ఆ పన్ను ముందుకి తెచ్చి గైడు దాకా కొలవండి, చేత్తో తిప్పి అదే పన్ను వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ కొలవండి. రెండూ ఒకటే రావాలి. వెనక వెంట్రుకవాసి ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు, ఉంటే చెక్కని మీరే తీసుకెళ్ళి వెనక పళ్ళకి అప్పచెప్తున్నట్టు. అదే పన్ను ఎందుకంటే బ్లేడు కాస్త వంకర ఉన్నా లెక్క తప్పదు.

ఇక నేను చేసిన అసలు తప్పు. నైఫ్ లేకపోవడం ఒకటి, రెండోది అడుగు బై అడుగు ముక్కని గైడుకి ఆనించి కోయడం. పొడుగాటి బద్ద అయితే గైడు వెంట ఆనుకోడానికి దానికి పొడవు ఉంటుంది, తిరగమన్నా తిరగదు. నలుచదరం ముక్క గైడు మీద నిలవదు, మూల నొక్కితే చాలు బొంగరం. అలాంటి వాటికీ, అడ్డకోతలకీ స్లెడ్ వాడండి. స్లెడ్ అంటే ఏం లేదు, బల్ల మీద గాడి ఉంది కదా, ఆ గాడిలో జారే బద్ద ఒకటి, దాని మీద ప్లై పలక, ముందూ వెనకా అడ్డ చెక్కలు. ముక్క పలక మీద కదలకుండా కూర్చుంటుంది, మనం పలకని తోస్తాం. ఒక ఆదివారం పని, మిగిలిన ప్లైతో అయిపోతుంది. గాడిలో పెట్టే ఆ యాంగిల్ గేజూ, గైడూ రెండూ ఒకేసారి ఆనించి అడ్డంగా కొయ్యడం మాత్రం వద్దు, తెగిన ముక్క బ్లేడుకీ గైడుకీ మధ్య ఇరుక్కుపోతుంది, అది ఎటు పోతుందో మీకిప్పుడు తెలుసు.

(ప్రశ్న: మరి సన్న బద్దలు తీసేటప్పుడు?)

మంచి ప్రశ్న. ఇదిగో నా పుష్ బ్లాకు, చేతికి బదులు చెక్కని తోసే దిమ్మ. నవ్వకండి, అడుగున అతికించింది హవాయి చెప్పే. (నవ్వులు) అరిగిన చెప్పు, పట్టు బాగుంటుంది, జారదు. వెనక చిన్న మడమలాగా చెక్క ముక్క కొట్టాను, అది బద్ద వెనక అంచుని పట్టుకుని తోస్తుంది. ఇంకో చేతిలో ఈ పుల్ల, ఇది బద్దని గైడుకేసి నొక్కడానికి, అదీ బ్లేడుకి ముందు నుంచే, బ్లేడు పక్కన కాదు, పక్కన నొక్కితే సందు మూసేస్తారు. బ్లేడుకి ఆరంగుళాల లోపల చెయ్యి రాకూడదు, పుల్ల వస్తుంది. పుల్ల తెగితే తెగనివ్వండి, ఇంకోటి చేసుకోవచ్చు. ఇనప ముక్క మాత్రం వాడొద్దు. తోసినప్పుడు బ్లేడు పూర్తిగా దాటించి అవతల పడెయ్యాలి, సగంలో వదిలి ఇటువైపు లాక్కోవద్దు. బిగిసిందనిపిస్తే అట్లాగే పట్టుకుని మోకాలితో స్విచ్ కొట్టండి, అందుకే నా స్విచ్ ముందు ఈ చెక్క తలుపు పెట్టుకున్నా, మోకాలు తగిలితే ఆగుతుంది. ఇంకా, నిలబడేది బ్లేడుకి ఎదురుగా కాదు, కాస్త ఎడంగా.

బ్లేడు ఎత్తు అడుగుతారు అందరూ. చెక్క మీద ఒక పన్ను పూర్తిగా కనపడేంత, అంతే.

ఇప్పుడు మనూరి సంగతికొద్దాం. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో కంపెనీ టేబుల్ సా ఎంతమందికి ఉంది? నలుగురు... ఐదుగురు. మిగతా వాళ్ళవి ఏంటో నాకు తెలుసు, ప్లై పలకకి కింద చేతి కట్టర్, అంటే చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపం, తలకిందులుగా బిగించింది. మన సైట్ల మీద ఎక్కడ చూసినా అదే, మేస్త్రీలు దాని మీదే ఇళ్ళకి ఇళ్ళు లేపుతున్నారు, వాళ్ళ చేతి పనితనానికి నేను దండం పెడతా. కానీ ఆ మిషన్లో ఏం లేవో చూడండి. కింది గార్డు, అదే బ్లేడుని కప్పే మూత, తీగతో కట్టేసి ఉంటుంది. ట్రిగ్గర్‌కి టేపు చుట్టి ఉంటుంది, అంటే ఆపాలంటే వంగి బల్ల కిందకి పోవాలి, లేదా గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు పీకాలి. వెనక నైఫ్ లేదు. మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి తిప్పేవాళ్ళు ఇంకో రకం, అది రాయి కోసుకోడానికి చేసింది, నిమిషానికి 12 వేల చుట్ల పైన తిరుగుతుంది. యాంగిల్ గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు వేసేవాళ్ళయితే కొరివితో తల గోక్కుంటున్నట్టే, దాని మీద నేను మాట్లాడను కూడా, ఉంటే ఇవాళ ఇంటికి పోయి ఆ బ్లేడు విరగ్గొట్టెయ్యండి.

చేతి కట్టర్ బల్లే వాడతానంటే, కనీసం రెండు పనులు చెయ్యండి. కోత వెనక వైపు బల్లలో సన్నటి గట్టి చెక్క పేడు నిలబెట్టి జిగురుతో బిగించండి, బ్లేడు సందుకి సరిపోయేంత మందం, బ్లేడుకి దగ్గరగా, సరిగ్గా వరసలో. అది పేదవాడి రైవింగ్ నైఫ్. రెండోది స్విచ్. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

కరెంటు పోతుంది. ఎండాకాలం అయితే చెప్పక్కర్లేదు. కోత మధ్యలో పోయింది, బ్లేడు ఆగింది, మనం ఏం చేస్తాం, విసుక్కుని చెక్క పక్కన పెడతాం, బల్ల మీద పొట్టు చేత్తో తుడుస్తాం, సందులో ఇరుక్కున్న పేడు వేలితో లాగుతాం. స్విచ్ ఆన్‌లోనే ఉంది. కరెంటు వచ్చింది. మా మావయ్య కుడిచేతి చూపుడు వేలు పై కణుపు అట్లాగే పోయింది, ముప్పై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి, కోస్తున్నప్పుడు ఒక్కనాడు గీత పడలేదు, ఆగిపోయిన మిషన్ దగ్గర పోయింది. ఆయన ఇప్పటికీ పెన్సిల్ మధ్య వేలితో పట్టుకుంటాడు. దీనికి మందు నో వోల్ట్ స్విచ్, ఆకుపచ్చ బటన్ ఎర్ర బటన్ ఉన్న డబ్బా, లోపల మాగ్నెట్ ఉంటుంది, కరెంటు పోగానే అది వదిలేస్తుంది, మళ్ళీ వచ్చినా మీరు పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. ఎలక్ట్రికల్ షాపులో మోటార్ స్టార్టర్ లాంటిది, సింగిల్ ఫేజ్‌ది అడగండి, బల్ల ముందు చేతికి అందేట్టు బిగించండి.

వైరు కూడా. 1800 వాట్ల మోటారు దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది, సన్న ఎక్స్‌టెన్షన్ తీగతో పది మీటర్లు లాగితే వోల్టేజి పడిపోయి మోటారు నీరసపడుతుంది, మనం గట్టిగా తోస్తాం, గట్టిగా తోసినప్పుడే జారేది. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగ్ ఉందో లేదో టెస్ట్ చేయించండి. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకి మీ కళ్ళ ముందు బల్ల మీద పెట్టుకోండి.

(ప్రశ్న: గ్లౌజులు?)

వద్దండీ. గ్లౌజు దారం ఒక్కటి పన్నుకి తగిలితే చెయ్యి మొత్తం లోపలికి లాగుతుంది. ఉత్త చేతికి గాయం అవుతుంది, గ్లౌజుకి చెయ్యే పోతుంది. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, మెడలో వేలాడే చైను, చేతికి కాశీతాడు, ఉంగరం, అన్నీ తీసెయ్యండి. తాడు తియ్యకూడదు అనుకునేవాళ్ళు పైకి మోచెయ్యి మీదకి జరిపి బిగించండి. చెప్పుల్లేకుండా ఎవరూ రావొద్దు, అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు ఆ 41 రోజులు మిషన్‌కి కూడా సెలవిచ్చెయ్యండి, స్వామి ఏమీ అనుకోడు. (నవ్వులు) కళ్ళద్దాలు, చెవులకి మఫ్, మూతికి ఎన్95, ఇవి చెప్పక్కర్లేదనుకుంటా. ఒక్కమాట, చెక్క పొట్టు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం పెట్టిన జాబితా అది, కాబట్టి మాస్కు స్టైలు కోసం కాదు.

పాత ఇళ్ళ టేకు గుమ్మాలు కొని కోసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఆఁ, మీరు. ఆ కలపకి మించింది లేదు నిజమే, కానీ అందులో తల విరిగిపోయిన మేకులుంటాయి, పైకి కనపడవు, నల్ల మచ్చ ఉంటే కింద మేకు ఉన్నట్టే. అయస్కాంతం కట్టిన దారం మెల్లగా దాని మీద నడిపించండి. మేకు తగిలితే బ్లేడు కొసన ఉన్న కార్బైడ్ పన్ను ఊడి బుల్లెట్‌లాగా వస్తుంది. మెలి తిరిగిన చెక్క కూడా అంతే, ముందు చిత్రిక పట్టి ఒక ముఖం, ఒక అంచు తిన్నగా చేసుకున్నాకే బల్ల మీదకి తేవాలి, బల్ల మీద ఊగే చెక్క సగం కోతలో పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే మళ్ళీ వెనక పళ్ళే.

(ప్రశ్న: వేలు తగిలితే దానంతటదే ఆగిపోయే మిషన్ ఉందంట కదా?)

ఉంది. అమెరికాలో స్టీఫెన్ గాస్ అని ఫిజిక్స్ చదివిన పేటెంట్ లాయరు, 1999లో కనిపెట్టాడు, సాస్టాప్ అంటారు. బ్లేడులో చిన్న కరెంటు సిగ్నల్ ఉంటుంది, వేలు తగలగానే మన ఒంటి వల్ల ఆ సిగ్నల్ మారుతుంది, వెంటనే స్ప్రింగు ఒక అల్యూమినియం దిమ్మని బ్లేడులోకి నెడుతుంది, 5 మిల్లీసెకన్లలో బ్లేడు ఆగి బల్ల కిందకి పడిపోతుంది. వేలికి గీత పడుతుంది అంతే. వేలికి బదులు మాంసపు సాసేజ్ పెట్టి చూపించేవాడు అందరికీ. ఒకసారి పనిచేస్తే ఆ దిమ్మ పోతుంది, మామూలుగా బ్లేడూ పోతుంది, పచ్చి చెక్క కోసినా పొరపాటున పడుతుంది. అక్కడ గరాజుల్లో ఈ పని చేసుకునే మనవాళ్ళు ఎవరైనా కొనుక్కోగలిగితే కొనుక్కోమనే చెప్తా, అమెరికాలో 2007, 2008ల్లో బ్లేడు తగిలి గాయాలైనవాళ్ళు ఏడాదికి 67 వేల పైనే అని వాళ్ళ ప్రభుత్వ సంస్థే అంచనా కట్టింది. కానీ ఒక్కటి గమనించండి, ఆ దిమ్మ వేలిని కాపాడుతుంది, ఎగిరే చెక్కని ఆపదు. అది ఉన్నా నైఫ్ తియ్యకూడదు.

అయిపోవస్తోంది. జరక్కూడదు గానీ జరిగితే, ఏం చెయ్యాలో మీకే కాదు ఇంట్లో వాళ్ళకి కూడా తెలియాలి, ఎందుకంటే అప్పుడు మీకు బుర్ర పనిచెయ్యదు. శుభ్రమైన బట్ట గట్టిగా అదిమి పట్టి చెయ్యి గుండె కన్నా పైకి ఎత్తాలి. పసుపు, కాఫీ పొడి, ఏమీ వెయ్యొద్దు, డాక్టరుగారు తర్వాత అవన్నీ కడుక్కోలేక చస్తారు. తెగిన ముక్క దొరికితే కాస్త తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు నీళ్ళలో పెట్టాలి. నేరుగా ఐసు మీద పెడితే ముక్క చచ్చిపోతుంది, అతికించడానికి పనికిరాదు. 108కి ఫోను. మీ ఇంటికి దగ్గర్లో తెగిన వేళ్ళు అతికించే సర్జన్ ఏ ఆసుపత్రిలో ఉన్నాడో ఇవాళే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి, ఆ రోజు వెతుక్కుంటూ మూడు ఆసుపత్రులు తిరిగితే టైమంతా అక్కడే పోతుంది.

ఇక చాలు, లేవండి, మిషన్ దగ్గరికి పోదాం. ముందు ప్లగ్గు పీకే ఉంచుతా, ఒక్కొక్కరూ వచ్చి పన్నుకి చుక్క పెట్టి గైడు కొలవండి, ఎవరికి ఎంత వచ్చిందో ఈ బోర్డు మీద రాయండి, ఒకరిది చూసి ఒకరు రాయకండి. ఫోన్లు ఆ కిటికీ దగ్గర పెట్టెయ్యండి, వీడియో తర్వాత తీసుకుందురు. ఆ ప్లై ముక్క ఎవరి దగ్గర ఉంది? ఇటివ్వండి అది.